చెవుల దొప్ప

9 నవంబరు 2022, బుధవారం

ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది — ఇక అన్నిటికీ ఎడమ చెయ్యే కాబట్టి దానికి రోజూ ఏదో ఒక పని ఉండాలట. రబ్బరు బంతి ఇచ్చింది. ఈయన దాన్ని మూడుసార్లు గోడకేసి కొట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు భన్‌పురి డబ్బాల కార్ఖానాలో మిఠాయి పెట్టెలకు డైలు, అంటే అట్ట కోసే అచ్చులు, తయారుచేసిన మనిషి. చేతికి బంతి ఇస్తే ఏం చేస్తారు.

సాయంత్రం అటక మీది కాగితాల కట్ట దించాను. ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు ఊరికే చూశారు. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కాగితాన్ని సగానికి మడిచి, బొటనవేలి గోరుతో మడత నొక్కారు. అంచుకు అంచు సరిగ్గా కలిసింది.

పక్షవాతం వచ్చిన ఈ ఆరేడు నెలల్లో ఆయన మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి పని. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ నాకు పనేమీ లేదు.

11 నవంబరు

నీళ్ళు. ఇప్పటికీ ఆ ఒక్క మాటే. ఆకలైతే నీళ్ళు. ఫ్యాను ఆపాలంటే నీళ్ళు. నన్ను పిలవాలన్నా నీళ్ళు. లోపల మాటలన్నీ సరిగ్గానే ఉంటాయట, బయటికి వచ్చేటప్పుడు ఇదొక్కటే వస్తుందట — డాక్టరు అంటారు.

పొద్దున్న రెండు గ్లాసులు తెచ్చాను. రెండూ తోసేశారు. కిటికీ మూయమని... అది తెలిసేసరికి బడికి ఆలస్యమైంది.

14 నవంబరు, సోమవారం

బడిలో పిల్లల పండుగ. ఆఫీసు గుమాస్తాకు పండుగ లేదు. హాజరు పట్టీలు రాస్తూ కూర్చున్నాను.

ఒంటిగంటకు గేటు బయట గొడవ. మున్సిపాలిటీ వాళ్ళు. ఫూల్‌బాయి బండి మీది పాత పేపర్ల కట్ట, ప్లాస్టిక్ గిన్నెలు ఎత్తుకుపోయారు. అచ్చు కాగితంలో తిండి పెట్టకూడదు, ప్లాస్టిక్ అసలే కూడదు. వాళ్ళు చెప్పింది తప్పు కాదు. కానీ ఆమె దేనిలో పెట్టాలి — బరాలు (మన గారెల్లాంటివే), శనగలు, చింతపండు చట్నీ. పన్నెండేళ్ళుగా ఈ గేటు దగ్గరే ఆమె బతుకు. ఆకు దోనాలు తెచ్చే మనిషి వానాకాలం నుంచి రావడం లేదు.

"కా కరబో దీదీ" — ఏం చేసేది అక్కా అని. తర్వాత గొంతు తగ్గించి, "హోలీ అప్పుడు భయ్యా అన్నారు కదా... కాగితం దోనా చేసిస్తానని."

అన్నారు. నేను పక్కనే ఉన్నాను. జిగురు తిండికి తగలకూడదు, పిన్ను పిల్లల నోట్లోకి పోకూడదు, రెండూ లేకుండా ఒక్క కాగితం తనంతట తాను నిలబడాలి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోగలగాలి. నెలంతా అదే ధ్యాస. "కాగితాన్ని బలవంతం పెట్టకూడదే సరోజా. అదెటు తిరుగుతానంటే అటే తిప్పాల" — పలాస యాస ఎన్నేళ్ళయినా పోలేదు ఆయనకి. ఈ హిందీ ఊళ్ళో అందరూ దోనా అంటే ఈయన మాత్రం దొప్ప అనేవారు.

హోలీ తర్వాత నెలన్నరకే పక్షవాతం. అంతే.

16 నవంబరు

ఆయన గీసుకున్న బొమ్మలు దొరికాయి. పాత క్యాలెండరు వెనక పక్క, పెన్సిలుతో. చదరపు కాగితం. నాలుగు వైపులా గోడలు లేపాలి. మూలలు కత్తిరించకూడదు — కత్తిరిస్తే కారుతుంది. మూల దగ్గర మిగిలే కాగితాన్ని చెవిలా బయటికి లాగి, గోడకు ఆనించి మడిచి, గోడ పైభాగంలో పెట్టిన చిన్న గాటులోకి దూర్చాలి. నాలుగు మూలలు, నాలుగు చెవులు.

పక్కన ఆయన చేతిరాత: "చెవి సరిపోతుందా? చూడాలి."

ఏం చూడాలి అని అడిగాను. కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు. నోరు కదిలింది. నీళ్ళు.

20 నవంబరు, ఆదివారం

రోజంతా బల్ల దగ్గరే, ఇద్దరం. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి కాగితం మీద పెట్టుకుంటున్నారు — కాగితం కదలకుండా, బరువుగా. చచ్చుబడిన చేతికి అదొక ఉపయోగం. నాకు చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండలేకపోయాను.

నాకు పెన్ను పట్టడం వచ్చు, మడత పెట్టడం రాదు. గోరు గీతకు అటో ఇటో పడుతుంది. పడితే మణికట్టు మీద దెబ్బ. కార్ఖానాలో పనివాళ్ళను కూడా ఇలాగే కొట్టేవారేమో. నవ్వొచ్చింది. ఆయన మూతి కూడా ఒక వైపు కదిలింది.

23 నవంబరు

పదకొండోది నిలబడింది. నాలుగు చెవులూ పట్టుకున్నాయి. మిరపకాయ బజ్జీలు వేసి పెట్టాను. నూనె మరక పడింది, కాగితం చిరగలేదు.

ఈయన తినలేదు. అడుగు వేలితో నొక్కి నొక్కి చూస్తున్నారు.

24 నవంబరు

కుళాయి రాలేదు. రైలు పట్టాల మూడో లైను మీద గూడ్సు ఆగింది, గంటన్నర. బడికి ఆలస్యం.

26 నవంబరు, శనివారం

చింతపండు చట్నీ పోశాను. వంకాయలు తరిగి, పోపు వేసి వచ్చినా అలాగే ఉంది. చుక్క కారలేదు. చల్లని చట్నీ, చల్లని శనగలు — ఫూల్‌బాయి పెట్టేవి ఇవే కదా. అయిపోయింది అనుకున్నాను. నిజంగా సంతోషం. చాలాకాలమైంది అలాంటిది.

బల్ల చివర చేసిపెట్టినవి పదిహేను వరుసగా ఉన్నాయి. ఈయన గ్లాసు అందుకున్నారు. తాగుతారనుకున్నాను. ఎత్తి దొప్పల మీద కుమ్మరించారు. నీళ్ళు, నీళ్ళు అంటూనే. ఐదారు మెత్తబడి పడిపోయాయి.

"ఏటిది, చిన్నపిల్లాడిలాగ. పొద్దుట్నుంచి కూకుని చేసినవి" — అరిచాను. ఆయన మీద ఇంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. గ్లాసు లాక్కున్నాను. చేతిగుడ్డతో బల్ల తుడిచాను, తడిసినవి చెత్తలో వేశాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం కూడా అటు తిరిగే.

28 నవంబరు

కార్ఖానా సేఠ్ పాత మొహమాటం కొద్దీ అచ్చు పడని తెల్ల కాగితం కటింగు ముక్కలు పంపించారు. ఒక సంచీడు దొప్పలు ఫూల్‌బాయికి ఇచ్చాను. చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది భయ్యా చేసిందే" అంది. నేను మడిచానని చెప్పలేదు. ఆయనదే అది.

30 నవంబరు

పిల్లలు ఖర్గోష్ దోనా అంటున్నారు — కుందేలు చెవులట. నాలుగో తరగతి పాయల్ తినేశాక పారేయడం లేదు. కడిగి, ఆరబెట్టి, ఒకదానిలో ఒకటి పేర్చుకుంటోందని ఫూల్‌బాయి చెప్పింది. ఆఫీసు కిటికీలోంచి చూశాను. ఎర్ర రిబ్బన్లు. దొప్ప పైకెత్తి అడుగు చూస్తోంది — ఎలా నిలబడుతోందా అని. ఈయన చూసినట్టే.

ఇంటికొచ్చి చెప్పాను. వినలేదు. లేదా విన్నారు.

2 డిసెంబరు

బడికి ముందు కొన్ని, వచ్చాక కొన్ని. వేళ్ళ కొసలు కోసుకుపోతున్నాయి. ఈయన బల్ల దగ్గరికి రావడం లేదు. కాగితం ఇస్తే పక్కన పెట్టేస్తున్నారు. ఫిజియో డాక్టరమ్మ "పని ఎందుకు మానేశారు" అంది. నాకు తెలియదన్నాను.

5 డిసెంబరు, సోమవారం

చలి ముదిరింది. గేటు దగ్గర ఫూల్‌బాయి స్టవ్వు పెట్టింది. ఉడుకుతున్న తెల్ల బఠాణీ, పైన ఉల్లిపాయ, నిమ్మరసం. "చలికి పిల్లలు వేడిదే అడుగుతున్నారు దీదీ. నీ దోనాల్లోనే పోస్తున్నా, మంచిగా ఉన్నాయి."

నేను బాగుంది అన్నాను.

విన్నాను. తల ఊపాను. బాగుంది అన్నాను.

6 డిసెంబరు

పాయల్. మధ్యాహ్నం విరామంలో. గేటు పక్క మెట్టు మీద కూర్చుని దొప్ప ఒళ్ళో పెట్టుకుంది. ఒక చెవి జారింది. ఒక గోడ పడిపోయింది. మరిగే బఠాణీ అంతా తొడ మీద.

ఆ కేక నేను ఆఫీసులోంచి విన్నాను. పిల్లలు ఆడుకుంటున్నారనుకున్నాను ముందు.

ఆటోలో నేనే తీసుకెళ్ళాను. స్కర్టు బట్ట చర్మానికి... రాయలేను.

7 డిసెంబరు

డాక్టరు చెప్పింది: లోతుగా కాలలేదు, కానీ రెండు మూడు వారాలు కట్టు ఉంటుంది, మచ్చ ఉండిపోవచ్చు.

ప్రిన్సిపల్ మేడమ్ ఫూల్‌బాయిని ఆఫీసుకు పిలిపించింది. తడిసి ఆరిపోయిన ఆ దొప్ప బల్ల మీద. "ఇది ఎక్కడ కొన్నావు?"

నేను అక్కడే ఉన్నాను, రిజిస్టరు పట్టుకుని. ఫూల్‌బాయి నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా.

"బజార్‌లో మేడమ్."

"ఏ దుకాణం?"

"గుర్తులేదు మేడమ్."

రేపటి నుంచి గేటు దగ్గర కనిపించకూడదని చెప్పింది మేడమ్. ఫూల్‌బాయి తల ఊపింది. కొంగు తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది. నేను రిజిస్టరులో ఏదో రాశాను. ఏం రాశానో ఇప్పుడు గుర్తు లేదు.

8 డిసెంబరు

గేటు బయట బండి చక్రాల గుర్తులు. ఇంకేమీ లేదు.

9 డిసెంబరు, శుక్రవారం

మిగిలిన దొప్ప ఒకటి తీసుకున్నాను. నీళ్ళు మరిగించి పోశాను. లెక్కపెట్టాను. ముప్ఫై వరకు ఏమీ కాలేదు. నలభై దగ్గర గోడ మెత్తబడి పొట్ట వచ్చింది. యాభై లోపే చెవి గాటులోంచి మెల్లగా, చాలా మెల్లగా జారింది. పొడిగా ఉన్నప్పుడు కాగితం బిగువే దాన్ని పట్టుకుంటోంది. తడిసి వేడెక్కితే ఆ బిగువు ఉండదు. ఇంతే. ఇంత చిన్న విషయం.

ఈయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. కర్ర మీద ఆనుకుని.

"మీకు ముందే తెలుసా? ఆ రోజు గ్లాసెత్తి పోసింది ఇందుకేనా?"

నీళ్ళు, అన్నారు.

అవునా, కాదా, కళ్ళతో చెప్పండి అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది జవాబో, నేను అరుస్తున్నాననో, నాకెలా తెలుస్తుంది. చెత్తలో వేసిన ఆ ఐదారు దొప్పలు... తడిపినవి. చెవులు బయటి నుంచి కూడా తడిసేసరికి చల్లటి నీళ్ళకే పడిపోయాయి. నేను బల్ల తుడిచాను. దొప్పల్ని చూడలేదు.

11 డిసెంబరు, ఆదివారం

పాయల్ వాళ్ళింటికి వెళ్ళాను. పట్టాల పక్క వరుసలో చివరి గది. తల్లి భన్‌పురిలో పప్పు మిల్లుకు పోతుంది, తండ్రి లోడింగు ఆటో. బత్తాయిలు తీసుకెళ్ళాను.

బడి నుంచి వచ్చానని తల్లి అనుకుంది. కుర్చీ తుడిచి వేసింది. "మీరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారట మేడమ్. ఎంత మంచి పని." చాయ్ పెట్టింది. పాయల్ మంచం మీద, కాలు చాపుకుని. మోకాలి పైదాకా కట్టు.

చాయ్ తాగలేకపోయాను. చెప్పేశాను. ఆ దోనా నేను చేసింది అని. వేడిది పోస్తున్నారని తెలిసి కూడా ఊరుకున్నానని.

తల్లి లేచింది. స్టవ్వు ఆపింది. తర్వాత — "నేనే పంపాను దాన్ని. చలిగా ఉంది, వేడిగా ఏదైనా తిను అని." అది నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో.

పాయల్ దిండు కిందనుంచి దొప్పల దొంతర తీసింది. కడిగినవి. "మేడమ్, నేను మళ్ళీ మడుస్తుంటే చెవి దగ్గర చిరిగిపోతోంది. ఎలా దూర్చాలి?"

నా చెయ్యి ముందుకు వెళ్ళింది. అలవాటుగా. చూపించేదాన్నే.

"చూపించకు" అంది తల్లి. అంతవరకు మేడమ్ అన్న మనిషి.

బత్తాయిల సంచీ నా చేతికి తిరిగి ఇచ్చింది. కోపంగా కాదు. బరువు ఎక్కువైతే ఎవరికైనా ఇచ్చినట్టు.

13 డిసెంబరు

ప్రిన్సిపల్ మేడమ్‌కి చెప్పాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. ఆ దోనాలు నావి, ఫూల్‌బాయి తప్పు కాదు, ఆమెను రానివ్వండి.

విన్నది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరోజాజీ, ఇది గేటు బయట జరిగింది. బడికి సంబంధం లేదు. మీరు నాది అంటే బడికి సంబంధం వస్తుంది. సమఝే?" — అర్థమైందా అని.

"మరి ఫూల్‌బాయి..."

"ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేదు మీకు. ఉద్యోగం కావాలి. వెళ్ళి పని చూసుకోండి."

దయగానే అంది. అదే... అరిస్తే బాగుండేది.

14 డిసెంబరు

పని చూసుకున్నాను.

18 డిసెంబరు, ఆదివారం

ఈయన మళ్ళీ బల్ల దగ్గర. నేను పిలవలేదు. కాగితాలు కంటికి కనబడకుండా మంచం కింద పెట్టాను, కర్రతో లాగి తీసుకున్నారు.

గాట్లు పెట్టడం లేదు. కత్తెర నేను తెస్తే వెనక్కి నెట్టారు. అంచును లోపలికి మడుస్తున్నారు, మళ్ళీ మడుస్తున్నారు. మూల దగ్గర మిగిలింది బయటికి లాగకుండా ఆ అంచు మడతలోకే పోవాలి. అక్కడ రెండు చేతులు కావాలి. ఒక చేత్తో మూల పట్టి, గడ్డంతో అంచు నొక్కి... జారిపోతోంది. పళ్ళతో పట్టుకున్నారు. కాగితం ఉమ్మితో తడిసి చిరిగింది. పక్కన పెట్టి కొత్తది తీసుకున్నారు.

నేను దూరంగా కూర్చుని బియ్యం ఏరుతున్నాను. వెళ్ళకూడదు అనుకున్నాను. మళ్ళీ ముట్టుకోకూడదని.

22 డిసెంబరు

నాలుగు రోజులుగా అదే మూల. అదే చోట ఆగిపోతోంది.

ఇవాళ కాగితం నా వైపు చాపారు. మూల చూపించారు. వేలు పెట్టి పట్టుకోమని. అది అర్థం కావడానికి మాట అక్కర్లేదు.

పట్టుకున్నాను. ఆయన ఎడమ చేత్తో అంచు కిందికి తిప్పి నొక్కారు. నాలుగు మూలలూ అలాగే. గాటు లేదు, చెవి లేదు, జారడానికి ఏమీ లేదు. అంచే అన్నిటినీ కట్టేసింది.

నీళ్ళు మరిగించి పోశాను. వంద. రెండు వందలు. అడుగు చెమర్చింది, అంతే. నిలబడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నాకు సంతోషం రావాలి. రాలేదు. పదహారు రోజులు ఆలస్యం.

23 డిసెంబరు

ఇందులో మడతలు ఇరవై రెండు. నాకు ఒక్కటి చేయడానికి పట్టే సమయంలో ఫూల్‌బాయి బండి దగ్గర నలుగురు తిని వెళ్ళిపోతారు. కాగితం కూడా దాదాపు రెట్టింపు. బండి మీద పెట్టి అమ్ముకునేవాళ్ళకు ఇది పనికిరాదు. డబ్బాల కార్ఖానాలో ఇన్నేళ్ళు చేసిన మనిషికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా చేస్తూనే ఉన్నారు. మడత తగ్గించాలని కాబోలు. ఒక మడత తగ్గిస్తే అంచు వదిలేస్తోంది. మళ్ళీ మొదటికి.

28 డిసెంబరు

ఫూల్‌బాయి కనిపించింది. రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర, బురద పక్కన బండి. పాత పేపరు ముక్కలు చీర కుచ్చిళ్ళలో దాచుకుంటోంది, ఎవరైనా వస్తారేమోనని. అక్కడ పిల్లలు లేరు. లోడింగు వాళ్ళు ఇద్దరు ముగ్గురు.

"ఎలా ఉన్నావు?"

"ఉన్నా దీదీ. పాయల్ నడుస్తోందా?"

నడుస్తోందట, బడికి ఇంకా రావడం లేదు అన్నాను. బజార్‌లో కొన్నానని ఎందుకు చెప్పావు అని అడిగాను. ఆమె మూత తీసి శనగలు కలిపింది.

"నీకు కొలువు పోతే భయ్యాకు మందులు ఎవరు తెస్తారు."

అంతే అంది. ఒక బరా పేపరులో పెట్టి ఇచ్చింది. తిన్నాను. వద్దంటే ఏమనుకుంటుందో.

3 జనవరి 2023

ఫూల్‌బాయి ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. "దీదీ, ఆ చెవుల దోనాలే ఇవ్వు. చల్లనివే పెడతాను. నా కొడుకు మీద ఒట్టు, వేడిది పొయ్యను. మొన్న మళ్ళీ వచ్చి పేపర్లు పట్టుకుపోయారు."

లేదన్నాను. చెయ్యనన్నాను.

"బల్ల మీద కొత్తది కనబడుతోంది కదా. భయ్యా చేస్తున్నారా."

దానికి చాలా సమయం పడుతుంది, సరిపోదు అన్నాను. లోపల నుంచి ఈయన గొంతు — నీళ్ళు, నీళ్ళు. కర్ర చప్పుడు. మూడు దొప్పలు చంకలో ఇరికించుకుని తలుపు దాకా వచ్చారు. వారం రోజుల పని అది. ఫూల్‌బాయికి ఇచ్చారు. ఆమె రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది.

మూడు. మూడింటితో ఆమె ఏం చేస్తుంది. ఆమెకూ తెలుసు. అయినా మాటిమాటికీ బాగున్నాయి భయ్యా, బాగున్నాయి అంటూ మెట్లు దిగింది.

ఈయన ముఖం వెలిగిపోయింది. నేను తలుపు వేశాను.

9 జనవరి

రోజుకు ఒకటి. కొన్ని రోజులు ఒకటిన్నర. బల్ల మీద పేరుస్తున్నారు. సాయంత్రం నన్ను పిలిచి లెక్క చూపిస్తారు, వేళ్ళతో.

ఫిజియో డాక్టరమ్మకు చాలా సంతోషం. చెయ్యి బాగా వస్తోందట.

13 జనవరి

పాయల్ బడికి వచ్చింది. గేటు దాకా. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది, ఆ మెట్టు వైపు చూస్తూ. ప్రార్థన అయిపోయింది, పిల్లలంతా లోపలికి వెళ్ళారు. ఆ పిల్ల కదలలేదు. తల్లి కాసేపు బతిమాలింది. తర్వాత వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

కిటికీ దగ్గర నిలబడ్డాను. బయటికి వెళ్ళాలనుకున్నాను. వెళితే నన్ను చూసి...

16 జనవరి

ఇవాళ కూడా గేటు దాకానే.

19 జనవరి, గురువారం

పాయల్ తల్లి ఆఫీసుకు వచ్చింది. ఒంటరిగా. టీసీ కావాలట.

"సంవత్సరం మధ్యలో ఎందుకు" అన్నాను. అడగడం నా పని. ప్రతి ఒక్కరినీ అడుగుతాను.

"ఆరంగ్‌లో మా అమ్మ ఉంది. అక్కడ బళ్ళో వేస్తాను. ఇక్కడ గేటు దగ్గరికి రాగానే దాని కాళ్ళు ఆగిపోతున్నాయి. నేను మిల్లుకు పోకుండా ఎన్నాళ్ళు కూర్చోను."

నేను క్షమించమని అనాలి. ఆఫీసులో ఇద్దరు టీచర్లు ఉన్నారు. అనలేదు. వాళ్ళు లేకపోయినా అనేదాన్నో లేదో.

ఫారం తీశాను. పేరు. తండ్రి పేరు. పుట్టిన తేదీ. తరగతి. ప్రవర్తన: మంచిది. ఎత్తు అడిగితే తెలియదంది, పాత రిజిస్టరులో ఉన్నది రాశాను. చివర గడి: బడి మానుటకు కారణం.

పెన్ను ఆగింది. తల్లి చూసింది. "ఏదో ఒకటి రాయండి మేడమ్." మళ్ళీ మేడమ్.

ఫారం ప్రిన్సిపల్ గదిలోకి తీసుకెళ్ళాను. తల ఎత్తకుండానే చెప్పింది — "కుటుంబ కారణాలు అని రాసేయండి, రేపు పొద్దున్నే సంతకం పెడతాను." ఏ కుటుంబం. ఎవరి కారణాలు. ఆ మాట రాస్తే ఆ తల్లిదే తప్పని కదా కాగితం చెబుతుంది, ఆ పిల్ల ఎక్కడికి వెళితే అక్కడ. రాయకపోతే సంతకం కాదు. సంతకం కాకపోతే ఆరంగ్‌లో చేర్చుకోరు.

టీసీ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తేకూడదు. అయినా తెచ్చాను.

ఈయన బల్ల మీద కాస్త చోటు చేశారు, నేను రాసుకోవడానికి. దొప్పలు పక్కకు జరిపి. ఎవరి పేరు ఉందో చూపించలేదు. అడగలేరు కూడా.

మిగతా గళ్ళన్నీ నిండాయి. అదొక్కటే ఖాళీ. పొద్దున పదిన్నరకు వాళ్ళ ఆరంగ్ బస్సు.